క్యూబా సినిమా పోస్టర్ల మున్యోస్ బాక్స్ ఎవరు? ఆయనలా వేయాలంటే ఏం నేర్చుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: క్యూబా ఆర్టిస్టు ఎడువార్దో మున్యోస్ బాక్స్ వేసిన సినిమా పోస్టర్లు చూశారు. చిన్నపిల్లలు గీసినట్టే ఉన్నా చూపు తిప్పుకోలేకపోయారు. ఆయన ఎవరు, ఎక్కడ చదువుకున్నారు, ఆ స్టైల్ రావాలంటే కంప్యూటర్లో ఏ బ్రష్ వాడాలి, చే గువేరా మొహం ఉన్న పోస్టర్లు కూడా ఈయనవేనా అని.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆయన ఆర్ట్ కాలేజీలో చదివి ఆర్టిస్టు అయినవారు కాదు, సొంతంగా నేర్చుకున్నారు. మీరు చూసిన స్టైల్ ఏ బ్రష్‌లోనూ దొరకదు. అది కత్తితో కోసిన స్టెన్సిల్ (రంగు పడాల్సిన చోట ఖాళీగా కోసిన అచ్చు) నుంచి, రంగుకో ఫ్రేమ్ పెట్టి చేసే ప్రింటింగ్ నుంచి, యానిమేషన్‌లో పట్టుబడిన గీత నుంచి, హీరో మొహం వేయక్కర్లేని ఉద్యోగం నుంచి వచ్చింది. బ్రష్ ప్యాక్ కొనే డబ్బుతో ఒక మంచి కత్తెర, నాలుగు రంగు కాగితాలు కొనుక్కోండి. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను. కాస్త పొడవైంది, ఓపిగ్గా చదవండి.

నేను ఇరవై ఆరేళ్లుగా స్క్రీన్ ప్రింటింగ్ చేస్తున్నాను, అంటే ఫ్రేమ్‌కు బిగించిన మెష్ అనే సన్నటి వల గుడ్డలోంచి ఇంకును కాగితం మీదికి నెట్టే పని. పెళ్లికార్డులు, విజిటింగ్ కార్డులు, గుడ్డ సంచులతో మొదలుపెట్టి ఇప్పుడు ఎక్కువగా పోస్టర్లు వేస్తున్నాను, పిల్లలకు నేర్పుతున్నాను. ఒక స్నేహితుడు హవానా వెళ్లొచ్చినప్పుడు మున్యోస్ బాక్స్ పోస్టరు రీప్రింట్ ఒకటి తెచ్చిపెట్టాడు. చేతికి రాగానే నేను బొమ్మ చూడలేదు, వేలితో తడిమాను. ఒక రంగు మీద ఇంకో రంగు ఎక్కినచోట అంచు వేలికి తగిలింది. పత్రికలు అచ్చేసే ఆఫ్‌సెట్ మిషన్ ప్రింటింగ్‌లో అది ఉండదు. మన పెళ్లికార్డు మీద బంగారు రంగు అక్షరం ఎలా ఉబ్బెత్తుగా తగులుతుందో అలా. ఈయన మన పనివాడే అనిపించింది ఆ క్షణాన. అప్పటి నుంచి ఆయన గురించి దొరికినదల్లా చదువుతున్నాను.

ఆయన పుట్టింది క్యూబాలో కాదు, స్పెయిన్‌లోని వాలెన్సియాలో, 1937లో. అంటే స్పెయిన్ అంతర్యుద్ధం నడుస్తున్న రోజులు. ఆ యుద్ధంలో రిపబ్లిక్ పక్షం ఓడిపోయాక చాలా కుటుంబాలు దేశం వదిలిపోయాయి. వీళ్ల కుటుంబం కూడా పారిస్ చేరి, అక్కడి నుంచి 1941లో క్యూబాకు వచ్చింది. అప్పటికి ఆయనకు నాలుగేళ్లు. క్యూబా ఆర్టిస్టు అని మనం చెప్పుకునే మనిషి అలా ఓడ దిగి వచ్చిన శరణార్థి పిల్లవాడు.

కుర్రతనంలోనే ప్రకటనలకూ టీవీకీ బొమ్మలు వేసే పనిలోకి దిగారు, యానిమేషన్ వైపు వెళ్లారు. 1959 జనవరిలో ఫిదెల్ కాస్ట్రో నడిపిన విప్లవం గెలిచింది. అదే ఏడాది మార్చిలో కొత్త ప్రభుత్వం సినిమా కోసం ఒక సంస్థ పెట్టింది. పేరు క్యూబా సినిమా కళ, పరిశ్రమల సంస్థ. అక్కడివాళ్లు పొట్టిగా ఇకాయిక్ అంటారు. మున్యోస్ బాక్స్ అందులో చేరి, 1960లో తొమాస్ గుతియెర్రెస్ అలేయా తీసిన 'ఇస్తోరియాస్ దె లా రెవొలూసియోన్'కు పోస్టరు వేశారు. విప్లవ కథలు అని ఆ పేరుకు అర్థం. ఇకాయిక్ పోస్టర్ల చరిత్ర ఆ పోస్టరుతోనే మొదలవుతుందని చెబుతారు. అప్పుడాయనకు ఇరవై మూడేళ్లు. అక్కడి నుంచి దాదాపు నలభై ఏళ్లు అదే పనిలో ఉన్నారు. 2001లో హవానాలోనే చనిపోయారు. మధ్యలో పిల్లల పుస్తకాలకు ఎన్నో బొమ్మలు వేశారు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇక అసలు విషయం, ప్రింటింగ్.

ఇకాయిక్ పోస్టర్లు సుమారు 51 సెంటీమీటర్ల వెడల్పు, 76 సెంటీమీటర్ల ఎత్తు ఉండేవి. వాటిని స్క్రీన్ ప్రింటింగ్‌లో, చేత్తో వేసేవాళ్లు. ఫొటో తీసి ఫ్రేమ్ మీద ఎక్స్‌పోజ్ చేయడం కాదు, స్టెన్సిల్‌ను కత్తితో కోసేవాళ్లు. ఆర్టిస్టు డిజైన్ ఇస్తే, వర్క్‌షాపులో పనివాళ్లు దాన్ని రంగులవారీగా విడదీసి, ఒక్కో రంగుకు ఒక్కో స్టెన్సిల్ కోసి, ఒక్కో ఫ్రేమ్‌కు అంటించి, స్క్వీజీ అనే రబ్బరు పట్టీతో ఇంకు లాగి, కాగితాలను ఆరబెట్టి, మళ్లీ తర్వాతి రంగు. ఆరు రంగుల పోస్టరంటే ప్రతి కాగితం ఆరుసార్లు ఫ్రేమ్ కిందికి వెళ్లాలి. పేరు పోస్టరు మీద ఆర్టిస్టుది ఉంటుంది గానీ, ఆ కత్తి పట్టిన చేతులు ఎవరివో చాలాసార్లు మనకు తెలియదు. నాకు ఆ సంగతి తలుచుకుంటే బాధగా ఉంటుంది. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మున్యోస్ బాక్స్ బొమ్మల్లో మీరు గమనించే ప్రతిదీ ఈ పద్ధతికి కుదిరేదే. నీడలు ఉండవు, ఎందుకంటే కత్తితో నీడ కోయలేరు. ముదురు నుంచి లేతకు మెల్లగా మారే రంగు ఉండదు. రంగు ఉంటే నిండుగా ఉంటుంది, లేకపోతే లేదు. స్క్రీన్ ఇంకు మందంగా పడుతుంది కాబట్టి ఆ నిండుదనం కంటికి బలంగా తగులుతుంది. నలుపు గీత వంకరటింకరగా పోతుంది. అది కోయడం చేతకాక వచ్చిన వంకర కాదు, ఆయన గీసిన వంకరనే కత్తి జాగ్రత్తగా అనుసరించింది.

ఆ నలుపు గీత గురించి ఒక పనితనం మాట. చేత్తో వేసే ప్రింటింగ్‌లో రిజిస్ట్రేషన్, అంటే ఒక రంగు పక్కన ఇంకో రంగు సరిగ్గా దాని చోట పడటం, పక్కాగా కూర్చోదు. పసుపు పక్కన ఎరుపు వేస్తే మధ్యలో తెల్లటి సందు కనబడుతుంది, లేదా ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. నలుపు చివర్లో వేస్తే ఆ తప్పులన్నీ దాని కింద దాక్కుంటాయి. గీత ఎంత లావుగా ఉంటే అంత వెసులుబాటు. పెళ్లికార్డుల్లో వినాయకుడి బొమ్మకు అవుట్‌లైన్ లావుగా పెట్టే మా పాత మేస్త్రీకి ఈ సంగతి ఏ క్యూబా పుస్తకమూ చెప్పలేదు, పని చెప్పింది. నేను మొదట్లో సన్నగీతలంటే మోజుపడి ఒక పిల్లల నాటకానికి నాలుగు రంగుల పోస్టరు డిజైన్ చేశాను. రెండు వందల కాగితాలు పెడితే అందులో సగానికి పైగా గీత ఒకవైపు, రంగు ఒకవైపు వచ్చాయి. మళ్లీ గీత లావు చేసి వేస్తే కుదిరింది. అప్పుడు ఆ రీప్రింట్ తీసి చూశాను. ఆయన గీత ఎక్కడ లావయిందో, ఎందుకు లావయిందో అప్పుడు కళ్లకు కనిపించింది.

దీనికి తోడు యానిమేషన్. ఆ పనిలో ఉన్నవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది: మనిషిని ముందు ఆకారంగా చూడటం. ముక్కు, కళ్లు తర్వాత. నీడబొమ్మగా నల్లటి ముద్ద చేసినా అతను ఎవరో తెలియాలి. తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మున్యోస్ బాక్స్‌కు చాప్లిన్ అంటే అంత ఇష్టం ఎందుకో కూడా దీనివల్లే అర్థమవుతుందని నా అభిప్రాయం. టోపీ, మీసం, చేతికర్ర, అటూ ఇటూ తిరిగిన బూట్లు. ప్రపంచంలో ఇంత తేలిగ్గా గుర్తుపట్టగల ఆకారం ఇంకొకటి లేదు. ఆయన చాప్లిన్‌ను మళ్లీ మళ్లీ వేశారు, ప్రతిసారీ వేరేగా వేశారు.

వాటిలో ఒకదాని వెనక ఉన్న సినిమా గురించి చెప్పకుండా ఉండలేను. ఒక్తావియో కోర్తాసార్ 1967లో తీసిన పొట్టి డాక్యుమెంటరీ, పేరు 'పోర్ ప్రిమేరా వెస్', అంటే మొట్టమొదటిసారి. ఆ రోజుల్లో ఇకాయిక్ ప్రొజెక్టర్లను ట్రక్కుల మీద, ట్రక్కు వెళ్లని చోటికి కంచరగాడిదల మీద, కొండ ఊళ్లకు పంపేది. ఆ బృందం ఒకటి తూర్పు క్యూబాలో బరకోవా వైపు లోస్ మూలోస్ అనే ఊరికి వెళుతుంది. అక్కడివాళ్లు అప్పటిదాకా సినిమా చూడలేదు. సినిమా అంటే ఏమై ఉంటుందని అడిగితే తడుముకుంటూ ఊహించి చెబుతారు. చీకటి పడ్డాక తెర కట్టి చాప్లిన్ 'మోడరన్ టైమ్స్' వేస్తారు. తిండి తినిపించే యంత్రం సీన్ నడుస్తుంటే కెమెరా తెర వైపు కాదు, జనం మొహాల వైపు తిరుగుతుంది. ముసలివాళ్లు, చంటిపిల్లలు, నోళ్లు తెరుచుకుని నవ్వడం. టూరింగ్ టాకీస్ డేరాలో నేల మీద కూచుని సినిమా చూసిన మన ఊళ్ల పెద్దవాళ్లకు ఆ పది నిమిషాలు చూపించండి, ఒక్క ముక్క అనువదించక్కర్లేదు. ఈ డాక్యుమెంటరీకి పోస్టరు వేసింది మున్యోస్ బాక్స్. అందులోనూ చాప్లినే.

ఇప్పుడు మూడో సంగతి, హీరో మొహం. విప్లవానికి ముందు క్యూబా థియేటర్లలో హాలీవుడ్ సినిమాలదే రాజ్యం. పోస్టర్లలో తారల మొహాలు, పెద్ద పెద్ద పేర్లు. తర్వాత పంపిణీ కూడా ఇకాయిక్ చేతికి వచ్చింది. పోస్టరు చూసి జనం వస్తేనే నిర్మాత బతుకుతాడన్న టెన్షన్ పోయింది. అక్కడ సావుల్ యెలీన్ అనే ఆయన ఈ పోస్టర్ల పనిని ముందుండి నడిపించారు. స్వదేశీ సినిమాకే కాదు, జపాన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ల నుంచి వచ్చిన సినిమాలకూ బయటి పోస్టరు వాడకుండా సొంతంగా వేయించారు. హవానా వీధుల్లో గొడుగు ఆకారంలో స్టాండ్లు పెట్టి వాటికి ఈ పోస్టర్లు తగిలించేవాళ్లు. బస్సు కోసం నిలబడినవాడు పోస్టరు చూసేవాడు.

ఆర్టిస్టుకు ఇది ఎంత పెద్ద విషయమో మన ఫీల్డులో ఉన్నవాళ్లకు తెలుసు. ఒకసారి ఒక చిన్న సినిమా వాళ్లు నన్ను పోస్టరు అడిగారు. కథలో ఒక సైకిల్ ఉంది, ఆ సైకిల్ ఒక్కటే పెట్టి వేసిచ్చాను. బాగుందన్నారు. వారం తర్వాత హీరో మొహం పెట్టమన్నారు, ఆ తర్వాత హీరోయిన్, ఆ తర్వాత కమెడియన్. చివరికి సైకిల్ మూలకు పోయింది. వాళ్లను తప్పుపట్టడం లేదు, వాళ్ల డబ్బు, వాళ్ల భయం. కానీ మున్యోస్ బాక్స్‌కు ఆ భయం లేకపోబట్టే సినిమాలోంచి ఒకే ఒక్క ఊహను తీసి కాగితం నిండా పెట్టగలిగారు.

అయితే దీన్ని స్వర్గంలా ఊహించుకోవద్దు. పని ఇచ్చేది ప్రభుత్వమే, వద్దనేదీ ప్రభుత్వమే. 1971 నుంచి 1976 దాకా క్యూబాలో సాంస్కృతిక రంగాన్ని గట్టిగా బిగించారు, బూడిద రంగు ఐదేళ్లు అని అక్కడివాళ్లే అంటారు. అంతకు ముందే, 'లుసీయా' సినిమాకు 1968లో పాప్ ఆర్ట్ రంగుల్లో గొప్ప పోస్టరు వేసిన రౌల్ మార్తీనెస్, స్వలింగ సంపర్కుడన్న కారణంతో బోధన ఉద్యోగం పోగొట్టుకున్నారు. పెద్ద పేరున్న ఫేలిక్స్ బెల్త్రాన్ మెక్సికో వెళ్లిపోయారు, అంతోనియో ఫెర్నాందెస్ రెబోయ్రో స్పెయిన్ వెళ్లిపోయారు. మున్యోస్ బాక్స్ ఉండిపోయారు. ఎవరు ఉండటం గొప్ప, ఎవరు వెళ్లడం తప్పు అని తీర్పు చెప్పే హక్కు నాకు లేదనుకుంటాను. పోస్టర్లు చూసి ముచ్చటపడేటప్పుడు ఇదీ తెలిసి ఉండాలి, అంతే.

కొరత మాట కూడా చాలామంది రాస్తారు. అమెరికా వ్యాపార నిషేధం 1962కల్లా పూర్తిగా అమల్లోకి వచ్చింది. కాగితం, ఇంకు, అన్నీ కటకటే. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక పరిస్థితి మరీ దిగజారింది, కరెంటు కూడా కోతలే. పోస్టర్ల పని బాగా తగ్గిపోయింది. కొరతే కళను పుట్టించిందని కొందరు తేలిగ్గా అనేస్తారు, నేను ఒప్పుకోను. కొరత అన్ని చోట్లా ఉంది, ఇలాంటి పోస్టర్లు అన్ని చోట్లా రాలేదు. పని చేయించే సంస్థ ఒకటి, దానికి ఏళ్ల తరబడి ఒకే చోట పనిచేసిన ఆర్టిస్టులు, చేయి తిరిగిన ప్రింటర్లు ఉండబట్టి వచ్చాయి.

మీ ప్రశ్నలో ఇంకో చిన్న పొరపాటు ఉంది, సరిచేస్తాను. చే గువేరా మొహం ఉన్న పోస్టర్లు కూడా ఈయనవేనా అని అడిగారు. కాదు. ఆ ప్రసిద్ధ మొహానికి మూలం అల్బెర్తో కోర్దా 1960లో తీసిన ఫొటో. ఎరుపు, నలుపుల్లో అందరికీ తెలిసిన రూపం ఇచ్చింది ఐర్లండ్ ఆర్టిస్టు జిమ్ ఫిట్జ్‌పాట్రిక్, 1968లో. క్యూబా రాజకీయ పోస్టర్లలో చాలా ప్రసిద్ధమైనవి మూడు ఖండాల (ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా) సంఘీభావం కోసం 1966లో పెట్టిన ఒస్పాయాల్ అనే సంస్థవి. వాటిని ఆఫ్‌సెట్‌లో వేసి, మడతపెట్టి, పత్రికలో దోపి దేశదేశాలకు పంపేవాళ్లు. అందుకే పాత కాపీల మీద మడత గుర్తులు ఉంటాయి, మాటలు నాలుగు భాషల్లో ఉంటాయి. ఇకాయిక్ పోస్టర్లు వీధిలో తగిలించడానికి, స్క్రీన్ ప్రింటింగ్‌లో వేసినవి. పని వేరు, ప్రయాణం వేరు. రెండూ కలిపి చూస్తే ఏదీ సరిగా అర్థం కాదు.

మున్యోస్ బాక్స్ ఒక్కరినే చూస్తూ కూర్చోకండి కూడా. పక్కవాళ్లను చూస్తేనే ఆయన ప్రత్యేకత తెలుస్తుంది. రెనె అస్కుయ్ 1970లో ఫ్రాన్స్ దర్శకుడు త్రుఫో సినిమాకు వేసిన 'బేసోస్ రొబాదోస్' (దొంగిలించిన ముద్దులు) చూడండి. అంతా నలుపు తెలుపు, పెదవులు మాత్రం ఎరుపు. అల్ఫ్రెదో రోస్త్‌గార్ద్ 1967లో నిరసన గీతాల సదస్సుకు వేసిన గులాబీ చూడండి. ముల్లు నుంచి ఒక రక్తపు చుక్క, అంతే. వాళ్లిద్దరూ ఒక దెబ్బకు ఆపేస్తారు. మున్యోస్ బాక్స్ మనల్ని కూర్చోబెట్టి కబుర్లు చెబుతారు. ఆయన బొమ్మలో కన్ను మెల్లగా తిరుగుతుంది: మీసం, టోపీ మీద పువ్వు, బూటు. పిల్లల పుస్తకాల సంగతి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. పిల్లలు బొమ్మను ఒక్క చూపులో చూసి వదిలేయరు, మళ్లీ మళ్లీ వెతుకుతారు. ఆయన పెద్దవాళ్లకు వేసిన పోస్టరు కూడా అలా వెతికే కంటి కోసమే వేశారు. మీరు చూపు తిప్పుకోలేకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

ఇక మీరేం చేయాలి.

నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి కంప్యూటర్లో అచ్చం ఇలాంటి పోస్టరు చేసుకొచ్చింది. గీత వణుకుతోంది, రంగు మీద గరుకు టెక్స్చర్ వేసింది, అంచుల్లో కావాలని రంగు జరిపింది. చూడటానికి అంతా ఉంది, ప్రాణం లేదు. ఎందుకంటే రంగు జరగడం క్యూబావాళ్లకు లోపం, వాళ్లు దాన్ని తప్పించడానికి నానా తంటాలు పడ్డారు. ఈ అమ్మాయి లోపాన్ని అలంకారంగా పెట్టింది. నేను కంప్యూటర్ మూయించి, ఒక కథ చెప్పి, మూడు రంగుల కాగితాలు ఇచ్చి, పెన్సిల్ ముట్టకుండా కత్తెరతోనే బొమ్మ చేయమన్నాను. మొదటి రోజు ఏడుపు మొహం పెట్టింది. నాలుగో రోజు ఒక కోడిపుంజు చేసింది. ఎరుపు తోక, పసుపు ఒళ్లు, నల్ల కన్ను. ఆ కోడి ఇప్పటికీ మా గోడ మీద ఉంది.

మీరూ అలాగే చేయండి. ఒకటికి రెండు నిష్పత్తిలో కాకుండా రెండుకు మూడు నిష్పత్తిలో కాగితం తీసుకోండి, ఇకాయిక్ సైజుకు దగ్గరగా ఉంటుంది. మీకు బాగా తెలిసిన ఒక సినిమా ఎంచుకుని, అందులోని మనుషుల మొహాలు పెట్టకూడదని నియమం పెట్టుకోండి. మూడు రంగులు, చివర్లో నలుపు. నలుపు కోసం మాత్రం బ్రష్, ఇండియన్ ఇంకు వాడొచ్చు.

అక్షరాలు కూడా చేత్తోనే రాయండి. తెలుగులో వేస్తే ఒక చిక్కు వస్తుంది, ముందే చెబుతున్నాను. 'ఠ' మధ్య చుక్క, 'థ' లోపలి భాగం, గుండ్రటి అక్షరాల పొట్టలు, ఇవన్నీ కాగితం స్టెన్సిల్‌లో కోయగానే ఊడి పడిపోతాయి. కోసిన ఫిల్మ్‌ను మెష్‌కు అంటించే పద్ధతిలో అయితే ఊడవు, లోపలి ముక్క మెష్‌ను పట్టుకునే ఉంటుంది. స్క్రీన్ ప్రింటింగ్ సామాను అమ్మే షాపులో చేత్తో కోసే స్టెన్సిల్ ఫిల్మ్ కావాలని అడగండి. ఇప్పుడు అందరూ ఎమల్షన్‌కు (మెష్ మీద పూసి వెలుతురుతో గట్టిపరిచే పూతకు) వెళ్లిపోయారు కాబట్టి వెంటనే దొరక్కపోవచ్చు, చెప్పి తెప్పించుకోవాలి. కత్తి కొత్త బ్లేడుతో ఉండాలి, గట్టిగా నొక్కకూడదు. పై పొర తెగాలి, కింది పొర తెగకూడదు. ఆ నొక్కుడు చేతికి పట్టుబడటానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఆన్‌లైన్‌లో పోస్టరు కొనాలనుకుంటే, 1960ల నాటి అసలు ప్రింట్లు ఖరీదు, నకిలీలూ తిరుగుతుంటాయి. అమ్మేవాడిని ఒక్క ఫొటో అడగండి: రెండు రంగులు కలిసే అంచు, దగ్గరి నుంచి, పక్క వెలుతురులో. ఆ ఫొటోలో చిన్న చిన్న చుక్కలతో కూడిన రంగు కనబడితే అది ఆఫ్‌సెట్ గానీ డిజిటల్ గానీ అయి ఉంటుంది. అంచు గట్టులా లేచి, రంగు ముద్దగా ఉంటే స్క్రీన్ ప్రింట్. అయితే తర్వాత వేసిన రీప్రింట్లు కూడా స్క్రీన్‌లోనే ఉండొచ్చు, నా దగ్గర ఉన్నదీ అలాంటిదే. నేర్చుకోవడానికి రీప్రింట్ చాలు, దానికోసం అప్పు చేయకండి.

మొదటి కాగితం బొమ్మ అయ్యాక ఇక్కడే ఫొటో పెట్టండి. రంగులు ఏ వరసలో వేశారో కూడా రాయండి, చూసి చెబుతాను.